రూపాయి బిళ్ల కనపడలేదు: ఆటోనగర్ షెడ్డులో వైర్‌లెస్ ఛార్జింగ్ డైరీ

ఏప్రిల్, మొదటి వారం

విశాఖపట్నం గాజువాక ఆటోనగర్‌లో మా మావయ్యకి మోటార్ రివైండింగ్ షాపు ఉంది. నీళ్ల మోటార్లు, లేత్ మోటార్లు, అప్పుడప్పుడు వెల్డింగ్ సెట్లు వస్తుంటాయి. షాపు వెనక రేకుల షెడ్డులో ఒక బల్ల నాకిచ్చాడు. ఎంటెక్ చివరి ఏడాది ప్రాజెక్టు ఇక్కడే చేస్తున్నాను. నేను చేస్తున్న ఛార్జింగ్ ప్యాడ్ రేపు పనిచెయ్యాల్సింది కూడా ఇలాంటి చోటే. ఎండకి రేకు కాగుతుంది, సముద్రపు గాలికి ఇనుమంతా తుప్పు పడుతుంది, పక్క లేత్ షాపు నుంచి ఇనుప రజను ఎగిరి వచ్చి పడుతుంది.

ఎలక్ట్రిక్ బండికి తీగ తగిలించకుండా ఛార్జింగ్ చెయ్యాలంటే నేల మీద ఒక ప్యాడ్, బండి అడుగున ఇంకో ప్యాడ్ ఉండాలి. రెండింటిలోనూ ఉండేవి రాగి చుట్లే. కింది కాయిల్లో కరెంటు సెకనుకి 85 వేల సార్లు అటూ ఇటూ ఊగితే, దాని అయస్కాంత క్షేత్రం పై కాయిల్లో కరెంటు పుట్టిస్తుంది. కార్ల కోసం వాహన ఇంజినీర్ల సంఘం ఎస్‌ఏఈ పెట్టిన జె2954 ప్రమాణంలో 79 నుంచి 90 కిలోహెర్ట్జ్ పట్టీ వాడతారు, నడిమిది 85. పవరు తరగతులు 3.7, 7.7, 11.1 కేవీఏ. నాది అంత పెద్దది కాదు. 48 వోల్టుల మీద 300 వాట్లు, ప్యాడ్ల మధ్య సందు 10 సెంటీమీటర్లు.

నా పని ఆ సందులోనే. అక్కడికి ఒక మేకో, సోడా మూతో, మాత్రల షీటో చేరితే దానిలోనూ సుడి కరెంట్లు పుట్టి అది వేడెక్కుతుంది. వంటింట్లో ఇండక్షన్ పొయ్యి గిన్నెని కాల్చేదీ ఇలాగే. రాత్రంతా ఛార్జింగ్ పెట్టి ఇంట్లో పడుకుంటాం. కింద ప్లాస్టిక్ మూత మీద ఎర్రగా కాగుతున్న ఇనుప ముక్క ఉంటే ఎవరికి తెలుస్తుంది? ప్యాడే దాన్ని కనిపెట్టి ఆగిపోవాలి. కనిపెట్టే భాగాన్ని మెషీన్ లెర్నింగ్‌తో చెయ్యాలని నా ప్రయత్నం.

ఏప్రిల్, మూడో వారం

పెద్ద కాయిల్ చుట్టడం అయింది. 85 కిలోహెర్ట్జ్ దగ్గర కరెంటు రాగి తీగ లోపలికంటా పారదు, పైపొరలోనే పారుతుంది. ఆ పొర మందం సుమారు 0.23 మిల్లీమీటర్లు. లావు తీగ వేస్తే లోపలి రాగి దండగ. అందుకే సన్నటి పోగులు పేని తాడులా చెయ్యాలి, దాన్నే లిట్జ్ వైర్ అంటారు. కొనబోతే ధర నా చేతికి అందలేదు. మావయ్య దగ్గర 38 గేజి ఎనామిల్ వైరు ఉంది, 0.15 మిల్లీమీటర్లే. 150 పోగులు షెడ్డు పొడుగూతా లాగి, ఒక కొస కొక్కేనికి కట్టి, ఇంకో కొస డ్రిల్ మెషీన్‌కి బిగించి మెల్లగా తిప్పాం.

"ఏటే అమ్మలూ, జడ అల్లినట్టు అల్లుతున్నావు? లావు వైరు నాలుగు చుట్లేస్తే పోదా?" అన్నాడు మావయ్య. పొర సంగతి కాగితం మీద గీసి చెప్పాను. చాలాసేపు చూసి, "అయితే మోటార్లకి ఈ బాధ లేదన్నమాట, 50 సైకిల్సే కదా" అన్నాడు. సరిగ్గా అంతే. 50 హెర్ట్జ్ దగ్గర ఆ పొర 9 మిల్లీమీటర్లు దాటుతుంది. ముప్పై ఏళ్లుగా తీగలు చుడుతున్న మనిషికి ఒక్క ముక్కలో అందింది.

కింద ఫెర్రైట్ పలకలు (అయస్కాంత గుణమున్న పింగాణీలాంటివి) పరిచి, 30 సెంటీమీటర్ల వ్యాసంలో 18 చుట్లు వేశాం. కాయిల్ ఇండక్టెన్స్, అంటే కరెంటు మార్పుని అది ఎంత అడ్డుకుంటుందన్న కొలత, ఎల్‌సీఆర్ మీటర్ మీద 100 మైక్రోహెన్రీల దగ్గర నిలిచింది. 33 నానోఫారడ్ కెపాసిటర్‌తో కలిపితే లెక్కకి 87 పైచిలుకు కిలోహెర్ట్జ్, పట్టీలోపలే. 150 పోగుల కొసలకీ ఎనామిల్ గీకి టంకం పట్టించడానికి మాత్రం రెండు రోజులు పట్టింది. ఒక్క పోగు అంటుకోకపోయినా ఆ పోగు దండగే, కాబట్టి ఆ పని ఇంకొకరికి అప్పగించలేదు.

ఏప్రిల్, చివరి రోజులు

కనిపెట్టేముందు ఏది ఎంత వేడెక్కుతుందో చూద్దామనుకున్నాను. పై ప్యాడ్ పెట్టి, 300 వాట్లు పంపుతూ, కింది ప్యాడ్ మీద ఒక్కో వస్తువు నిమిషం సేపు ఉంచాను. పక్కన ఇసుక బకెట్ పెట్టుకున్నాను, షాపులో కుర్రాడిని స్విచ్చు దగ్గర నిలబెట్టాను.

ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ మెరిసే లోహం మీద అబద్ధం చెబుతుంది. అద్దంలాంటి ఉపరితలం తన వేడిని సరిగా వెదజల్లదు, చుట్టుపక్కల వేడినే తిప్పి చూపిస్తుంది. బిళ్ల మీద 38 డిగ్రీలు చూపించింది, వేలు ఆనిస్తే చురుక్కుమంది. అమ్మ కాటుక డబ్బా తెచ్చి ప్రతి వస్తువుకీ ఒక పక్క నల్లగా రాశాను. ఆ తర్వాత అంకెలు నమ్మకంగా వచ్చాయి.

పసుపు రంగు ఐదు రూపాయల బిళ్ల నిమిషానికి గోరువెచ్చనైంది, అంతే. రూపాయి బిళ్ల 90 దాటింది. రెండూ పరిమాణంలో ఇంచుమించు ఒకటే. తేడా లోహంలో ఉంది. ఐదు రూపాయలది నికెల్ బ్రాస్. రూపాయి, రెండు రూపాయల బిళ్లలు ఫెర్రిటిక్ స్టెయిన్‌లెస్ స్టీలు, 83 శాతం ఇనుము, 17 శాతం క్రోమియం. అయస్కాంతానికి అంటుకుంటాయి. అలాంటి ఉక్కులో కరెంటు పారే పొర వెంట్రుక మందం కూడా ఉండదు. ఇరుకు దారిలో పారే కరెంటుకి అడ్డు ఎక్కువ, వేడి ఎక్కువ.

మేకు, నట్టు, సోడా మూత అన్నీ రూపాయి దారినే పోయాయి. మాత్రల షీటు అల్యూమినియం రేకు సన్నగా ఉన్నా గబగబా వేడెక్కింది. చిప్స్ పాకెట్ లోపలంతా వెండిలా మెరుస్తుంది గానీ దానికేమీ కాలేదు. అది రేకు కాదు, ప్లాస్టిక్ మీద పట్టించిన అతి పలుచని అల్యూమినియం పూత. కళ్లకి లోహంలా కనపడేదంతా ప్యాడ్‌కి లోహం కాదు. కెమెరా పెడితే చాలదా అని అడిగేవాళ్లకి ఇదే నా జవాబు.

ఈ పట్టిక మావయ్య గోడ క్యాలెండర్ వెనకవైపు రాసి పెట్టాను. రూపాయి చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టాను.

మే, రెండో వారం

వెతికే కాయిల్స్ తయారు. ప్యాడ్ మూత కింద 4 వరసలు, వరసకి 4, మొత్తం 16 చిన్న చదరపు కాయిల్స్, ఒక్కోటి ఏడున్నర సెంటీమీటర్లు. చదివేందుకు ఎల్‌డీసీ1614 చిప్పులు నాలుగు. ఒక్కోటి నాలుగు కాయిల్స్ ఇండక్టెన్స్‌ని 28 బిట్లలో కొలుస్తుంది. ఒక్కో కాయిల్‌కి 3.3 నానోఫారడ్ కెపాసిటర్ కలిపి 410 కిలోహెర్ట్జ్ చుట్టుపక్కల ఊగేలా చేశాను. లోహం దగ్గరికి వస్తే ఇండక్టెన్స్ మారుతుంది, ఊగే వేగం మారుతుంది, చిప్పు ఆ తేడా చెబుతుంది.

పెద్ద కాయిల్ పనిచేస్తున్నప్పుడు వీటికి ఆ హోరులో ఏమీ వినపడదు. అందుకని అరసెకనుకొకసారి పవరు ఆపేసి, ఆ విరామంలో కొలుస్తున్నాను. ఆపగానే కొలవడానికి లేదు. గంట కొట్టడం ఆపాక కూడా కాసేపు మోగినట్టు పెద్ద కాయిల్లో ఊగు ఇంకా మిగిలి ఉంటుంది. మూడు మిల్లీసెకన్లు ఆగితే చల్లారుతోంది.

డేటా తీయడం మొదలుపెట్టాను. రోజూ పొద్దున్నే వచ్చి ఖాళీ ప్యాడ్ రీడింగులు, మధ్యాహ్నం భోజనం తర్వాత వస్తువులు పెట్టి రీడింగులు. పై ప్యాడ్‌ని కూడా జరుపుతున్నాను. ఎవరూ బండిని గీత గీసినట్టు ఆపరు. జె2954లో ముందు వెనకలకి 75, పక్కలకి 100 మిల్లీమీటర్ల దాకా తేడాని ఒప్పుకుంటారు. మేము వాడుతున్నది చిన్న ప్యాడ్ కాబట్టి అందులో సగం తీసుకున్నాను.

మే, చివరి వారం

రాండమ్ ఫారెస్ట్ మోడల్ వేశాను. చాలా నిర్ణయ వృక్షాలు ఓటేసి జవాబు తేల్చే పద్ధతి అది. డేటాని కలగలిపి, ఐదో వంతు పక్కనపెట్టి పరీక్షిస్తే 99.2 శాతం వచ్చింది. రాత్రి పదకొండింటికి షెడ్డులో ఒక్కదాన్నే ఉన్నాను. అమ్మకి ఫోన్ చేసి చెప్పాను.

మర్నాడు పొద్దున్న ఏడింటికి వచ్చి, కుర్రాడికి చూపిద్దామని మేకు పెట్టాను. స్క్రీన్ మీద "ఖాళీ". ఇంకో చోట పెట్టాను, అదీ ఖాళీ. నట్టు పెట్టినా ఖాళీయే. మధ్యాహ్నం మూడింటికి ప్యాడ్ మీద ఏమీ లేదు, "లోహం ఉంది" అంది. కడుపులో తిప్పినట్టయింది.

కారణం తెలియడానికి ఆ రోజు సాయంత్రం దాకా పట్టింది. ఖాళీ రీడింగులన్నీ పొద్దుటివి. వస్తువుల రీడింగులన్నీ మధ్యాహ్నానివి. మే నెల మధ్యాహ్నం రేకుల షెడ్డు ఎలా ఉంటుందో గాజువాక వాళ్లకి చెప్పక్కర్లేదు. నేను వాడిన 3.3 నానోఫారడ్ కెపాసిటర్లు ఎక్స్‌7ఆర్ రకం. వాటి విలువ వేడికి మారుతుంది. కాబట్టి మధ్యాహ్నం పూట 16 కాయిల్స్ ఊగే వేగమూ మారుతుంది. మోడల్‌కి ఆ ఒక్క గుర్తు చాలు. లోహం సంగతి పట్టించుకోవాల్సిన అవసరమే దానికి రాలేదు. వేడిగా ఉంటే లోహం, చల్లగా ఉంటే ఖాళీ, అంతే నేర్చుకుంది.

కలగలిపి పరీక్షించడంలో ఇది బయటపడదు. అరసెకను తేడాతో తీసిన రెండు రీడింగులు కవలల్లాంటివి. ఒకటి శిక్షణలోకి, ఒకటి పరీక్షలోకి పోతే, మోడల్ చూసిన ముఖాన్నే మళ్లీ గుర్తుపడుతుంది. రోజుల వారీగా విడగొట్టి, ఒక రోజు మొత్తం పక్కనపెట్టి మిగతా రోజులతో నేర్పి చూశాను. మెషీన్ లెర్నింగ్ లైబ్రరీ సైకిట్‌లెర్న్‌లో గ్రూప్‌కేఫోల్డ్ ఉన్నది ఇందుకే. 99.2 కాస్తా 70 దగ్గరికి పడింది. ఖాళీ, లోహం రీడింగులు సమానంగా ఉన్న చోట కళ్లు మూసుకుని చెప్పినా 50 వస్తుంది.

అప్పటిదాకా తీసిన డేటా అంతా పక్కనపెట్టాను. కెపాసిటర్లన్నీ పీకి ఎన్‌పీ0 రకం వేశాను, వేడికి దాదాపు మారనివి. ఇక నుంచి డేటా తీసే పద్ధతి వేరు. ఏ గంటలో ఏ వస్తువు పెట్టాలో ముందుగా కంప్యూటర్ చీటీ తీస్తుంది. ఖాళీ, మేకు, ఖాళీ, ఖాళీ, నట్టు, రూపాయి, ఇలా. పొద్దున్నా ఉంటుంది, మధ్యాహ్నమూ ఉంటుంది. ఒక్కో రోజుకి ఒక ఫైలు, పరీక్షకి ఎప్పుడూ పూర్తి రోజులే.

జూన్, మూడో వారం

పది రోజుల కొత్త డేటా. కొత్త రోజు మీద మోడల్ ఇప్పుడు మేకుల్ని, తాళం చెవుల్ని, ఐదు రూపాయల బిళ్లల్ని బాగానే పడుతోంది. ఒక్క రూపాయి బిళ్లని సగం సార్లు వదిలేస్తోంది. క్యాలెండర్ మీద ఎర్ర సున్నా చుట్టిన వస్తువు అది. అన్నిటికన్నా వేడెక్కే వాటిలో ఒకటి నా ప్యాడ్‌కి కనపడటం లేదు.

ముందు మోడల్ని అనుమానించాను. చెట్ల సంఖ్య పెంచాను, ఎస్‌వీఎం అనే ఇంకో రకం మోడల్ వేశాను, చిన్న న్యూరల్ నెట్‌వర్క్ కూడా. అన్నీ అక్కడే ఆగాయి. నాలుగు రోజులు అలా పోయాక మోడల్ మూసేసి అసలు రీడింగులు కాగితం మీద గీశాను. ఐదు రూపాయల బిళ్ల పెడితే గీత కిందికి గుంట పడుతుంది. ఫెర్రైట్ ముక్క పెడితే పైకి గుట్ట లేస్తుంది. రూపాయి పెడితే గీత కదిలీ కదలనట్టు ఉంటుంది.

అప్పుడు వెలిగింది. రూపాయి ఉక్కు రెండు పనులు చేస్తోంది. అయస్కాంత గుణం వల్ల ఇండక్టెన్స్‌ని పెంచుతుంది. సుడి కరెంట్ల వల్ల తగ్గిస్తుంది. తక్కువ ఫ్రీక్వెన్సీలో మొదటిది గెలుస్తుంది, ఎక్కువలో రెండోది. నేను ఎంచుకున్న 410 కిలోహెర్ట్జ్ దగ్గర, ఆ సైజు బిళ్లకి, రెండూ దాదాపు సరితూగి సున్నా అవుతున్నాయి. ఎల్‌డీసీ1614 చెప్పేది ఇండక్టెన్స్ ఒక్కటే. అందులో రూపాయి జాడ లేనప్పుడు ఏ మోడల్ మాత్రం ఎక్కణ్నుంచి తెస్తుంది?

మావయ్యకి చెబితే, "త్రాసులో రెండు పక్కలా బరువేస్తే ముల్లు కదల్దు. అంతమాత్రాన త్రాసు ఖాళీగా ఉన్నట్టా?" అన్నాడు. నా థీసిస్‌లో ఈ అధ్యాయానికి ఇంతకన్నా మంచి వివరణ రాయలేను.

ముల్లు కదలకపోయినా త్రాసు మీద భారం పెరుగుతుంది. ఇక్కడ ఆ భారం పేరు నష్టం. బిళ్ల వేడెక్కుతోందంటే ఆ శక్తి కాయిల్ నుంచే పోతోంది, అంటే కాయిల్ రెసిస్టెన్స్ పెరిగినట్టు కనపడాలి. రెండు గుణాలూ ఒకదాన్నొకటి కొట్టేసుకునేది ఇండక్టెన్స్‌లోనే. నష్టంలో కొట్టివేత ఉండదు, అక్కడ రెండూ ఒకే వైపు లాగుతాయి. వేడినిచ్చే గుణాన్నే కొలిస్తే, ఎక్కువ వేడెక్కేది ఎక్కువ కనపడుతుంది. మొదటి రోజే నాకు తట్టాల్సిన విషయం ఇది.

జూలై, మొదటి రెండు వారాలు

ఎల్‌డీసీ చిప్పులు తీసేశాను. ఇప్పుడు ఎస్‌టీఎం32 అనే చిన్న కంట్రోలర్ బోర్డు 200 కిలోహెర్ట్జ్ సైన్ తరంగం పంపుతుంది. 4067 మల్టీప్లెక్సర్లు, అంటే 16 కాయిల్స్‌ని వంతులవారీగా కలిపే స్విచ్చు చిప్పులు, రెండు. ఒకదాని గుండా కరెంటు కాయిల్‌కి వెళుతుంది, రెండోదాని గుండా ఓల్టేజీ తిరిగొస్తుంది. ఒకే దాంట్లో రెండూ నడిపితే స్విచ్చు సొంత రెసిస్టెన్స్ కొలతలో కలిసిపోతుంది. ఒక్కో చక్రంలో నాలుగు చోట్ల ఓల్టేజీ తీసుకుంటే కరెంటుతో కలిసి నడిచే భాగమూ, పావు చక్రం ముందు నడిచే భాగమూ విడిపోతాయి. మొదటిది నష్టం, రెండోది ఇండక్టెన్స్. ఒక్కో కాయిల్‌కి రెండు అంకెలు, మొత్తం 32. పదహారు కాయిల్స్ ఒక్క చుట్టు చూడటానికి సుమారు 7 మిల్లీసెకన్లు.

రూపాయి పెట్టాను. నష్టం గీత నిటారుగా లేచింది. ఐదు రూపాయలకన్నా ఎత్తుకి. కుర్రాడు చప్పట్లు కొట్టాడు.

కొత్త చిక్కు వెంటనే వచ్చింది. రాగి రెసిస్టెన్స్ డిగ్రీకి 0.39 శాతం చొప్పున పెరుగుతుంది. ప్యాడ్ పది డిగ్రీలు వేడెక్కితే నాలుగు శాతం. చిన్న మేకు ఇచ్చే తేడా అంతకన్నా తక్కువ. మేలో తిన్న దెబ్బ గుర్తుంది కాబట్టి ఈసారి మోడల్ దాకా రానివ్వలేదు. వేడి వస్తే 16 కాయిల్స్‌కీ కలిసే వస్తుంది. మేకు ఒకటి రెండిటికే తెలుస్తుంది. అందుకని ప్రతి కాయిల్ అంకెలోంచి దాని పక్క కాయిల్స్ మధ్యస్థ విలువని తీసేసి, మిగిలిందే మోడల్‌కి ఇస్తున్నాను. బండి అడుగు రేకు వల్ల వచ్చే మార్పు కూడా ఇలాగే చాలావరకు పోతోంది.

ఇనుప రజను సంగతి చెప్పాలి. పక్క లేత్ షాపు నుంచి వారం రోజుల్లో ప్యాడ్ మీద చేతికి అంటేంత పేరుకుంది. నలుసులు మరీ చిన్నవి, ఒకదానికొకటి సరిగా తాకవు, కాబట్టి వేడి పెద్దగా లేదు. ఇండక్టెన్స్ మాత్రం ప్యాడ్ అంతటా మెల్లగా పెరిగింది. పక్క కాయిల్స్‌తో పోల్చే పద్ధతి దీన్నీ దాటింది. ఒక మూల కుప్పగా పోస్తే అలారం మోగింది. మోగాలి కూడా.

జూలై, చివరి వారం

వాన. రెండు రోజులు ఎడతెరిపి లేదు. మూత మీద నీళ్లు నిలిచి రీడింగులు గంతులేశాయి.

ఉప్పునీరు కరెంటుని ప్రసరింపజేస్తుంది కదా, లోహంలా కనపడుతోందేమో అనుకున్నాను. తేల్చుకోవడానికి ఆర్కే బీచ్‌కి వెళ్లి రెండు సీసాల సముద్రపు నీళ్లు పట్టుకొచ్చాను. సీసాని మూసి ప్యాడ్‌కి కాస్త ఎత్తులో పెడితే ఏ గీతా కదల్లేదు. లెక్కా అదే చెప్పింది. సముద్రపు నీటి వాహకత మీటరుకి 5 సీమెన్స్ దగ్గర, రాగిది 5.8 కోట్లు. కోటి రెట్లకు పైగా తేడా. అయస్కాంత క్షేత్రానికి ఆ నీళ్లు గాలిలాంటివే. అదే నీటిని మూత మీద పోస్తే గీత ఎగిరింది. అంటే దారి వేరు. కాయిల్ చుట్ల మధ్య ఉండే కెపాసిటెన్స్‌లోకి (విద్యుత్ క్షేత్రాన్ని దాచుకునే గుణం) నీళ్లు చొరబడుతున్నాయి.

మందు తేలికే. కాయిల్స్‌కి మావయ్య మోటార్లకి పట్టించే వార్నిష్ రెండు పూతలు. వాటిపైన దువ్వెన ఆకారంలో కోసిన సన్నటి రాగి పట్టీల పొర, ఒక్క కొసే గ్రౌండ్ చేసింది. దువ్వెన పళ్లలా విడివిడిగా ఉంటే సుడి కరెంట్లు పుట్టడానికి చోటుండదు, విద్యుత్ క్షేత్రాన్ని మాత్రం ఆపుతుంది. నీళ్లు పోసినా గీతలు ఇప్పుడు నిలకడగా ఉన్నాయి.

ఆగస్టు

వీధి చివర ఉండే ఎలక్ట్రిక్ ఆటో అన్న ఆదివారాలు బండి ఇస్తానన్నాడు. పై ప్యాడ్‌ని బండి అడుగున బిగించి, ఛార్జింగ్ కోసం కాకుండా కనిపెట్టడం కోసమే నడిపాం. బల్ల మీద ఎప్పుడూ రానివి ఇక్కడ వచ్చాయి. ఒకరు ఎక్కి కూర్చుంటే బండి దిగి సందు తగ్గుతుంది. చక్రాలకంటిన బురద రాలుతుంది. స్టాండు దగ్గర నేల కింద కాంక్రీటులో ఊచలున్నాయి.

అలారాల లెక్క గురించి రాత్రి కూర్చుని ఆలోచించాను. అరసెకనుకొక చూపు అంటే నాలుగు గంటల ఛార్జింగ్‌కి 28,800 చూపులు. చూపుకి ఒక్క శాతం తప్పు అలారం అన్నా ఒక రాత్రికి 288. రెండో రోజే ఎవరైనా ఆ అలారం వైరు పీకేస్తారు, వాళ్ల తప్పేమీ లేదు. అలాగని అలారం మోగే హద్దు పైకి జరిపితే మేకుని వదిలేస్తుంది. వరసగా ఆరు చూపుల్లో ఐదు "లోహం" అంటేనే ఆపేలా పెట్టాను. మూడు సెకన్ల ఆలస్యం. ఆ మూడు సెకన్లలో రూపాయి ఏడెనిమిది డిగ్రీలకన్నా పెరగదని కాటుక పరీక్షలో చూసుకున్నాను కాబట్టి ధైర్యం చేశాను. పవరు పదింతలైతే ఈ మూడు సెకన్లు చాలా ఎక్కువ. అప్పుడు చూపుల వేగం పెంచాలి, ఓటింగ్‌ని తగ్గించకూడదు.

ఇంకో మార్పు. ఛార్జింగ్ మొదలయ్యే ముందు పడి ఉన్న వస్తువు వేరు, మధ్యలో వచ్చి పడింది వేరు. రెండోదానికి అంతకుముందు నిమిషం రీడింగు ఉంటుంది, తేడా చూస్తే చాలు, మోడల్ కూడా అక్కర్లేదు. మొదటిదానికే మోడల్ కావాలి. ఈ రెండింటినీ విడగొట్టాక మోడల్ చిన్నదైంది. 40 చెట్లు, సీ భాషలో పట్టికలుగా మార్చి బోర్డులోనే నడుస్తోంది.

నాలుగు ఆదివారాల్లో మూడింటితో నేర్పి, నాలుగో ఆదివారంతో పరీక్షించాను. రూపాయి 60 సార్లు పెడితే 58 సార్లు పట్టింది. మేకు 60కి 55. పిన్నీసు 60కి 37.

సెప్టెంబరు, మొదటి వారం

పిన్నీసు తప్పిపోయిన 23 సార్లూ ఎక్కడెక్కడ ఉందో ప్యాడ్ బొమ్మ మీద చుక్కలు పెట్టాను. దాదాపు అన్నీ నాలుగు కాయిల్స్ మూలలు కలిసే చోట్లే పడ్డాయి. అక్కడ ఏ కాయిల్ క్షేత్రమూ గట్టిగా ఉండదు. పైగా పిన్నీసు అడ్డంగా పడుకున్న సన్నటి తీగ, నిలువు క్షేత్రానికి అది చూపించే ఒళ్లు తక్కువ. మూలలు కలిసే చోట్లు సరిగ్గా తొమ్మిది. ఆ తొమ్మిదింటి మీదా నడిబొడ్డు వచ్చేలా రెండో పొరలో 9 కాయిల్స్ వెయ్యాలి. మళ్లీ డేటా, మళ్లీ ఆదివారాలు. గైడ్ సార్ గడువు గుర్తు చేశారు. పిన్నీసు వదిలేసి సమర్పించడం నాకిష్టం లేదని చెప్పాను. రెండు వారాలు ఇచ్చారు.

సెప్టెంబరు, రెండో వారం

నిన్న పొద్దున్న షెడ్డు తలుపు తీస్తే షాపు పిల్లి ప్యాడ్ మీద ముడుచుకుని పడుకుని ఉంది. రాత్రి పరీక్ష వేడి ఇంకా మిగిలినట్టుంది. దాన్ని లేపకుండా బోర్డు ఆన్ చేశాను, పవరు కాదు, కొలత మాత్రమే. "ఖాళీ" అంది.

సముద్రపు నీళ్ల సీసా గుర్తొచ్చింది. పిల్లి ఒళ్లూ ఉప్పునీరే. ఈ కాయిల్స్‌కి అది ఎప్పటికీ కనపడదు. ప్యాడ్ పైన మా క్షేత్రం లెక్కకి సుమారు 1 మిల్లీటెస్లా. ఈ ఫ్రీక్వెన్సీలకి మామూలు జనం కోసం రేడియేషన్ రక్షణ చూసే అంతర్జాతీయ సంస్థ ఐసీఎన్‌ఐఆర్‌పీ 2010లో పెట్టిన స్థాయి 27 మైక్రోటెస్లా. 37 రెట్లు. ఆ చోట పిల్లి పడుకోకూడదు, బంతి కోసం పాకే పిల్లవాడి చెయ్యి అసలే ఉండకూడదు. ప్రాణుల్ని కనిపెట్టడం నా ప్రాజెక్టు పరిధిలో రాయలేదు. రాయకపోవడం తప్పనిపించింది.

జూలైలో వాననీళ్లు ఏ దారిన వచ్చి నన్ను సతాయించాయో, పిల్లి కనపడాల్సిన దారి అదే. దువ్వెన పట్టీల్ని ఎప్పుడూ గ్రౌండ్ చేసి ఉంచకుండా, పవరు ఆపిన ఆ కొన్ని మిల్లీసెకన్లలో ఒక్క మిల్లీసెకను వదిలి, వాటి కెపాసిటెన్స్ కొలిస్తే? పట్టీలు ఇప్పటికే ఉన్నాయి, ఒక స్విచ్చు కలిపితే సరిపోతుంది. నీళ్లకీ పిల్లికీ తేడా ఎలా చెప్పాలన్నది చూడాలి. నీళ్లు ఊపిరి పీల్చవు. పిల్లి రీడింగు మెల్లగా ఊగాలి.

సాయంత్రం మావయ్య కళ్లద్దాలు సవరించుకుని రెండో పొర కాయిల్స్ చుట్టడానికి కూర్చున్నాడు. తొమ్మిదిలో ఆరు అయ్యాయి. స్విచ్చు కోసం డాబా గార్డెన్స్‌లో రెండు షాపులు తిరిగి రిలే ఒకటి తెచ్చాను. పిల్లి కోసం గుమ్మం దగ్గర గోనెపట్టా పరిచాను, ప్యాడ్ మీద చెక్కపెట్టె బోర్లించాను.